పాలు కలపని టీ

"ఇక్కడ సంతకం పెట్టమ్మా. రెండో పేజీలో ఇనీషియల్స్ చాలు," అన్నాడు రాఘవులు.

శాంతి పెన్ను మూత తీసింది.

వీధి తలుపు తెరిచే ఉంది. బెల్ కొట్టకుండా, బూట్లు కూడా విప్పకుండా లోపలికొచ్చిన భవిత నేరుగా డైనింగ్ టేబుల్ దగ్గరికి నడిచి, ఆ కాగితం మీద అరచెయ్యి ఆనించింది.

"పెన్ను కింద పెట్టండి శాంతి గారూ. నేను భవితని. నిన్న మీరు ఫోన్‌లో మాట్లాడింది నాతోనే."

శాంతి తలెత్తి చూసింది. ఆవిడకి ముప్పై ఆరేళ్ళుంటాయి. ఏడ్చి ఏడ్చి ఆగిపోయిన కళ్ళు.

రాఘవులు కుర్చీలో వెనక్కి వాలాడు. ఒకప్పుడు విజయవాడలో సర్కిల్ ఇన్‌స్పెక్టర్. ఇప్పుడు భవితలాగే అమెరికాలోని ఇల్లినాయ్‌లో ప్రైవేట్ డిటెక్టివ్ లైసెన్స్ ఉన్నవాడు. తేడా ఏమిటంటే ఆయన కంపెనీల తరఫునే పని చేస్తాడు. వాళ్ళిద్దరూ ఇదివరకు మూడు కేసుల్లో ఎదురుపడ్డారు. రెండింట్లో ఆయనే గెలిచాడు.

"వచ్చావా తల్లీ! ఈ అరోరా ఊళ్ళో ఏ ఇంట్లో చావొచ్చినా నీకు పిలుపు రావాల్సిందే," అన్నాడు.

"నాకు పిలుపొచ్చింది. మీరు పిలవకుండానే వచ్చినట్టున్నారు."

"చైతన్య పని చేసిన కన్సల్టింగ్ కంపెనీ లాయర్లు పంపారు. తేజేశ్వర్ గారు తోడొచ్చారు. ఇద్దరిదీ ఒకే కంపెనీ, హైదరాబాద్‌లో చదువుకున్న రోజుల నుంచీ స్నేహం."

టేబుల్‌కి అటు చివర కూర్చున్న తేజేశ్వర్ తల ఊపాడు. నలభై దాటిన మనిషి. గడ్డం మాసింది. చైతన్య పోయిన రోజు నుంచి ఈ ఇంటికి రెండు పూటలా భోజనం ఆయన ఇంటినుంచే వస్తోందని శాంతి నిన్న ఫోన్‌లో చెప్పింది.

భవిత కాగితం చేతిలోకి తీసుకుని నిలబడే చదివింది. విషయం చిన్నదే. పోయిన మంగళవారం పొద్దున ఏడూ నలభైకి, హైవే మీద ఆగి ఉన్న ట్రక్కుని చైతన్య కార్ వెనకనుంచి గుద్దుకుంది. బ్రేక్ వేసిన గుర్తు రోడ్డు మీద లేదు. రక్తంలో గంజాయి మత్తు బాగా ఉందని రిపోర్ట్ వచ్చింది. రాత్రి పడుకునే ముందు తాను గంజాయి కలిపిన టీ ఇచ్చేదాన్నని శాంతే పోలీసులకు చెప్పింది. దాచాలని తోచలేదు ఆవిడకి. ఇప్పుడు ఈ కాగితంలో ఒక వాక్యం ఎక్కువ చేరింది.

"'నేను ఇచ్చిన టీ వల్లే నా భర్త స్పృహ తప్పి ప్రమాదానికి గురయ్యాడు.' ఎవరి వాక్యం ఇది?"

"ఆవిడ చెప్పిందే రాశాం."

"ఆవిడ చెప్పింది టీ ఇచ్చానని. మీరు రాసింది టీ వల్ల పోయాడని. రెంటికీ మధ్య ఒక జైలుంది రాఘవులు గారూ."

తేజేశ్వర్ గొంతు సవరించుకున్నాడు. "మేడం, శాంతి మంచికే ఇదంతా. ఇది అయిపోతే కంపెనీ వాళ్ళు కేసు సాగదీయరు. ఇండియాకి టికెట్లు కూడా వాళ్ళే బుక్ చేస్తామన్నారు. ఇక్కడుండి ఏం చేస్తుంది చెప్పండి?"

"నాది డిపెండెంట్ వీసా," అంది శాంతి. భవిత వచ్చాక ఆవిడ మాట్లాడిన మొదటి మాట అదే. "ఆయనతోపాటే అదీ పోయింది. తన్విని తీసుకుని వెళ్ళిపోతే చాలు నాకు."

"పాప ఎక్కడ పుట్టింది?"

"ఇక్కడే. తొమ్మిదేళ్ళు."

"భర్తకి గంజాయి పట్టించి చంపానని రాసిచ్చిన తల్లి చేతికి, ఇక్కడ పుట్టిన పిల్లని ఏ జడ్జి ఇచ్చి పంపిస్తాడండీ? ఆ సంగతి వీళ్ళలో ఎవరైనా చెప్పారా మీకు?"

శాంతి తేజేశ్వర్ వైపు చూసింది. ఆయన టేబుల్ వైపు చూశాడు.

రాఘవులు విసుగ్గా ఫోన్ తీసి, తెర మీద ఒక ఫొటో పెట్టి భవిత ముందుకు తోశాడు. "లా పాఠాలు తర్వాత. ఇది చూడు. అరోరాలో గంజాయి అమ్మే స్టోర్. చేతిలో తెల్ల కవర్‌తో బయటికొస్తున్నది ఎవరు? ఈవిడేనా? స్టేట్ చట్టం ఒప్పుకున్నా ఫెడరల్ చట్టం ఒప్పుకోదు. వీసా మీదున్నవాళ్ళు ముట్టుకుంటే ఏమవుతుందో నీకు నేను చెప్పక్కర్లేదు. సంతకం పెట్టకపోతే ఈ ఫొటో ఎక్కడికి వెళ్ళాలో అక్కడికి వెళ్తుంది."

భవిత ఫొటోని వేళ్ళతో పెద్దది చేసి, అంచులు కూడా వదలకుండా చూసింది. ఫోన్ తిరిగిచ్చేసింది.

"పావుగంట టైమివ్వండి. వంటిల్లు చూస్తాను."

"చూసుకో. పోలీసులు ఎప్పుడో చూశారు."

వంటింటి తలుపు దగ్గరగా వేసి భవిత అడిగింది. "రోజూ ఎలా చేస్తారో అలాగే ఇప్పుడు చేయండి. మాటలొద్దు. నేను చూస్తాను."

"ఇప్పుడా?"

"ఇప్పుడే."

శాంతి గిన్నెలో రెండు కప్పుల నీళ్ళు పోసి పొయ్యి మీద పెట్టింది. కిటికీలో ఉన్న కుండీ నుంచి నాలుగు తులసాకులు తుంచి వేసింది. నిమ్మగడ్డి వేళ్ళతో విరిచి వేసింది. చామంతి టీ ప్యాకెట్ ఒకటి చింపి పొడి కలిపింది. ఆఖరున పై అరలో, పాపకి అందని చోట, మిరియాల డబ్బా వెనకున్న చిన్న గాజు సీసా తీసి, అందులోంచి ఆకుపచ్చ గంజాయి మొగ్గని చిటికెడు నలిపి నీళ్ళలో వేసింది. మూత పెట్టింది. మరిగాక వడగట్టి తేనె కలిపి రెండు కప్పుల్లో పోసింది. రెండు కప్పులూ పోశాక రెండోదాన్ని చూసి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

భవిత ఆ కప్పుని పక్కకి జరిపింది. "ఎవరు నేర్పారు?"

"నాకు రెండేళ్ళుగా నిద్ర లేదండీ. మాత్రలు వేసుకుంటే పొద్దున పాపని లేపలేకపోయేదాన్ని. ఇంటర్నెట్‌లో చూశాను, పడుకునే ముందు ఈ టీ తాగితే ఒళ్ళు తేలికవుతుందని. భయమేసింది. ఆయనే స్టోర్‌కి తీసుకెళ్ళాడు. కార్‌లో కూర్చుని, నువ్వెళ్ళి తెచ్చుకో అన్నాడు. ఒక్కదానివే తాగడం దేనికి, నాకూ ఇవ్వు అనేవాడు."

"ఈ మొగ్గల్ని ముందు కాల్చడం, వేయించడం ఏమైనా చేస్తారా?"

"స్టోర్‌లో అమ్మాయి చెప్పింది. ఓవెన్‌లో సన్న సెగ మీద గోధుమరంగు వచ్చేదాకా ఉంచాలి, తర్వాత పాలలోనో నెయ్యిలోనో మరిగించాలి అని. నేను చేయలేదు. ఆ వాసన ఇల్లంతా పట్టేస్తుంది. పక్కింటివాళ్ళు, పాప... అయినా మా ఓవెన్..."

భవిత వంగి ఓవెన్ తలుపు తీసింది. లోపల రెండు మూకుళ్ళు, ఇడ్లీ స్టాండు, దోసెపెనం, ఒకదాంట్లో ఒకటి కుక్కిన గిన్నెలు. అన్నిటికీ అడుగున ఓవెన్ తయారీవాళ్ళు ఇచ్చిన పుస్తకం, ప్లాస్టిక్ కవర్ కూడా విప్పకుండా.

"ఈ ఇంటికొచ్చి ఎన్నాళ్ళయింది?"

"ఆరేళ్ళు. సామాన్లకి చోటు చాలక మొదటిరోజే అందులో పెట్టేశాను. ఎప్పుడూ వెలిగించలేదు."

"టీలో పాలు?"

"ఆయనకి పడవు. కడుపుబ్బరం. అందుకే నేనూ మానేశాను."

"నెయ్యి, కొబ్బరినూనె?"

"టీలో నెయ్యి ఎవరేస్తారండీ?"

భవిత వడపోతలో మిగిలిన పిప్పిని వేళ్ళ మధ్య నలిపింది. పచ్చగానే ఉంది. వడగట్టిన మొగ్గలో జిగురు ఇంకా వదల్లేదు.

"శాంతి గారూ, జాగ్రత్తగా వినండి. పచ్చి మొగ్గలో మత్తు లేదు. సెగ మీద ఎండబెడితేనే వస్తుంది. వచ్చినా అది నీళ్ళలోకి దిగదు, కొవ్వులోకే దిగుతుంది. పాలుండాలి, లేదా నెయ్యుండాలి. మీరు ఆయనకిచ్చింది తులసి, నిమ్మగడ్డి, తేనె నీళ్ళు. ఈ టీ కుండెడు తాగినా ఎవడూ ట్రక్కుని గుద్దడు."

"మీకెలా తెలుసు?"

"మోకాలి నొప్పికి రెండేళ్ళుగా నేనూ చేసుకుంటున్నాను. ఓవెన్‌లో పెట్టి, పాలు పోసి, సరిగ్గా." భవిత నవ్వింది, ఆ నవ్వులో ఏమీ లేదు. "నాది అమెరికన్ పాస్‌పోర్ట్. నేను తాగితే టీ. మీరు తాగితే నేరం."

శాంతి ఆ మాట విన్నట్టులేదు. కప్పు వైపే చూస్తోంది.

"మరి నాకు నిద్రెలా పట్టేది?"

భవిత ఆ రెండో కప్పు వైపు చూసింది.

"పది నిమిషాలు కూర్చునేవాళ్ళం, ఇదిగో ఇక్కడే," అంది శాంతి. "పొద్దున్నుంచీ ఫోన్లు, మీటింగులు. ఆ పది నిమిషాలు ఫోన్ పట్టుకునేవాడు కాదు."

గ్యాస్ మంట ఇంకా వెలుగుతూనే ఉంది. భవిత చెయ్యి చాపి ఆర్పింది.

"ఆ రోజు పొద్దున సంగతి చెప్పండి. ఆయన లేచాక ఎలా ఉన్నారు?"

"బాగానే ఉన్నాడు. నాకు లేటయితే తన్వికి ఆయనే జడలు వేశాడు. రెండు జడలు. పాపిడి కూడా తిన్నగా తీశాడు."

"మత్తులో ఉన్న మనిషి పాపిడి తిన్నగా తీయలేడు. ఎన్నింటికి బయల్దేరారు?"

"ఆరున్నరకి."

"ఏమైనా తిన్నారా?"

"పొద్దున్నే ఏమీ తినడు. నీళ్ళ సీసా పట్టుకుని వెళ్ళాడు."

ఆరున్నరకి కూతురికి జడలు వేసిన మనిషి, ఏడూ నలభైకి బ్రేక్ మీద కాలు పెట్టలేకపోయాడు. మధ్యలో గంటకు పైన. ఖాళీ కడుపులో పడింది తలకెక్కడానికి అంత టైమ్ చాలు.

"కార్‌లో దొరికిన వస్తువులు పోలీసులు తిరిగిచ్చారా?"

"శుక్రవారం ఇచ్చారు. గరాజ్‌లో ఉంది బ్యాగ్. విప్పలేదు. నావల్ల కాలేదు."

భవిత గ్లవుజులు వేసుకుని గరాజ్‌లో నేల మీదే ఆ ప్లాస్టిక్ బ్యాగ్ విప్పింది. పగిలిన చలవ కళ్ళజోడు. ఛార్జర్. తన్వి గీసిన బొమ్మ. డ్రైవర్ సీటు కింద దొరికిందని చీటీ అంటించిన, చొట్టపడిన చిన్న స్టీల్ డబ్బా. పోలీసులు దాన్ని లంచ్ బాక్స్ అనుకుని వదిలేసినట్టున్నారు.

మూత తీసింది. ఉండ ఒకటి సగం, మిగతాదంతా పొడి. వేయించిన మినుముల వాసన. దాని వెనక ఇంకో వాసన, సీసాలోని మొగ్గ వాసనే, ఇంకాస్త మాడినట్టుగా. నెయ్యి గడ్డకట్టిన చోట లేత ఆకుపచ్చ జీర.

"సున్నుండలు," అంది శాంతి, గుమ్మంలోంచి. "మా ఇంట్లో స్వీట్లే లేవు. షుగర్ బోర్డర్‌లో ఉందని డాక్టర్ చెప్పినప్పటినుంచీ నేనే మానిపించాను." ఉన్నట్టుండి నవ్వొచ్చింది ఆవిడకి. "దొంగ మొహం. కార్‌లో దాచుకుని తిన్నాడన్నమాట." ఆ నవ్వు సగంలోనే ఏడుపయింది.

భవిత డబ్బా తిప్పింది. మూత మీద, కొట్లో చెక్కించిన అక్షరాలు. నమ్రత.

"నమ్రత ఎవరు?"

శాంతి మొహం తుడుచుకుని గొంతు తగ్గించింది. "తేజేశ్వర్ అన్నయ్య భార్య."

"మీ టీ సంగతి ఆవిడకి తెలుసా?"

"ఆవిడకి ఒక్కదానికే చెప్పాను."

భవిత డబ్బాని ఫొటోలు తీసి, కేసు చూస్తున్న కౌంటీ పోలీస్ అధికారికి పంపి, ప్లాస్టిక్ కవర్‌లో వేసి జిప్ నొక్కింది. హాల్లోకి తెచ్చి టేబుల్ మీద, తేజేశ్వర్ ముందు పెట్టింది.

రాఘవులు కవర్‌ని చూశాడు. తర్వాత తేజేశ్వర్‌ని చూశాడు.

"టీలో మత్తు లేదు," అంది భవిత. "ఈ ఇంట్లో ఓవెన్ ఎప్పుడూ వెలిగించలేదు, టీలో పాలు పోయరు. ల్యాబ్‌లో ఆ సీసా ఇస్తే ఒక రోజులో తేలిపోతుంది. మత్తు ఉన్నది ఇందులో. ఇది మీ ఇంటి డబ్బా కదా తేజేశ్వర్ గారూ?"

"మా డబ్బాలు ఊళ్ళో సగం ఇళ్ళల్లో ఉంటాయి మేడం. నమ్రత అందరికీ ఏదో ఒకటి పంపిస్తూనే ఉంటుంది."

"సున్నుండలు ఎప్పుడు పంపింది?"

"గుర్తులేదు."

"సరే. పోలీసులు ఆవిడనే అడుగుతారు. పేరు ఆవిడది, వంట ఆవిడది, డబ్బా ఆవిడది. సాయంత్రానికి చేతులకి బేడీలు కూడా ఆవిడకే."

తేజేశ్వర్ లేచాడు. కూర్చున్నాడు.

"నమ్రతకేం తెలీదు."

"తేజేశ్వర్, లాయర్ లేకుండా మాట్లాడకు," అన్నాడు రాఘవులు మెల్లగా.

"నెయ్యి నేనిచ్చాను. ఎవరో ఊర్నుంచి తెచ్చారని చెప్పి ఇచ్చాను. చైతన్యకి సున్నుండలంటే ఇష్టం, ఈ నెయ్యితో చెయ్యమన్నాను. తనకి నిజంగా తెలీదు మేడం." ఆయన శాంతి వైపు తిరిగాడు. "చంపాలని కాదమ్మా. దేవుడి మీద ఒట్టు. టెస్ట్‌లో ఫెయిలవ్వాలని, అంతే. బుధవారం ఆఫీస్‌లో డ్రగ్ టెస్ట్ ఉంది. ఆదివారం సాయంత్రం డబ్బా ఇచ్చాను. రాత్రి ఇంట్లో ఒకటో రెండో తింటాడు, పడుకుంటాడు, బుధవారానికి టెస్ట్‌లో దొరుకుతాడు అనుకున్నాను. కార్‌లో తింటాడని కలగన్నానా?"

"ఎందుకు ఫెయిలవ్వాలి?" అడిగింది భవిత.

"పదేళ్ళ కిందట నన్ను ఈ దేశానికి తెచ్చిన కంపెనీ ఇదే. లేని ఎక్స్‌పీరియెన్స్ ఉందని రాసి తెచ్చింది. నన్నొక్కణ్ణే కాదు. చైతన్య అది కనిపెట్టాడు. మేం పని చేసే క్లయింట్ కంపెనీకి చెప్తానన్నాడు. నేను బతిమాలాను, నా పేరూ బయటికొస్తుంది, గ్రీన్ కార్డ్ లైన్‌లో ఇన్నేళ్ళు నిలబడింది పోతుంది, పిల్లలున్నారు అన్నాను. 'నువ్వే ముందు వెళ్ళి చెప్పు, నేను నీ పక్కనుంటా' అన్నాడు." తేజేశ్వర్ రెండు చేతులతో మొహం రుద్దుకున్నాడు. "గంజాయి తాగి దొరికినవాడి మాట క్లయింట్ నమ్మడు. దానికే ఇదంతా. శాంతి టీ ఎలాగూ ఉంది. ఎవరికీ అనుమానం రాదు."

శాంతి కుర్చీ వెనక నిలబడి ఉంది. ఆవిడ గొంతు మామూలుగానే ఉంది.

"ఇంట్లో తింటాడనుకున్నావా అన్నయ్యా?"

"అవునమ్మా."

"ఇంట్లో తన్వి ఉంటుంది. దానికీ సున్నుండలంటే ప్రాణం. నీ ఒళ్ళో కూర్చుని తినేది."

తేజేశ్వర్ కుర్చీ వెనక్కి జరిపాడు.

"మీ పిల్లలు తిన్నారా ఆ రోజు?"

"లేదు. వాళ్ళని... ముట్టుకోనివ్వలేదు."

"ముట్టుకోనివ్వలేదు," అంది శాంతి. అంతే.

తొమ్మిది రోజులుగా ఆ ఇంటి అన్నమే తింది ఆవిడ. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని సింక్ దగ్గరికి పరిగెత్తింది. భవిత ఆ శబ్దం ఆగేదాకా ఆగి, మళ్ళీ మొదలుపెట్టింది.

"ఒక్క ప్రశ్న. ఆ టెస్ట్ ఎవరికీ ముందుగా చెప్పరు. చెబితే దాని అర్థమే పోతుంది. బుధవారమని మీకెవరు చెప్పారు? అలాంటి నెయ్యి కాచి ఇచ్చిందెవరు?"

తేజేశ్వర్ చూపు టేబుల్ దాటి రాఘవులు మీదికి వెళ్ళింది. భవిత అటు తిరగలేదు. ఆవిడకి అక్కర్లేదు.

"రాఘవులు గారూ, ఇందాకటి ఫొటో ఇంకోసారి చూపిస్తారా?"

"దేనికి?"

"అందులో శాంతి గారి వెనక, పార్కింగ్‌లో, కుడి అంచున ఒక బూడిదరంగు కార్ ఉంది. నంబర్ సగం కనిపిస్తోంది. అద్దం వెనక ఒక మనిషి కూర్చున్నాడు. ఆ కార్ చైతన్యది, మంగళవారం నుంచి తుక్కు. ఆ మనిషి మార్చురీలోంచి శ్మశానానికి వెళ్ళాడు. చైతన్య చనిపోయాక కదా మిమ్మల్ని కంపెనీ పెట్టుకుంది? మరి ఆయన బతికుండగా ఆయన భార్య వెనక మీరెందుకు తిరిగారు?"

రాఘవులు కాగితాలు సర్దుకుని ఫైల్లో పెట్టుకున్నాడు. పెన్ను మూత వేసి జేబుకి తగిలించుకున్నాడు.

"బాగా చూశావు," అన్నాడు. "నా పాత స్టేషన్‌లో నీలాంటి కుర్రది ఒక్కతుంటే ఇంకో ప్రమోషన్ కొట్టేవాణ్ణి. మరి ఈయన చెప్పిందంతా రికార్డ్ చేశావా?"

భవిత కవర్‌ని తన వైపు లాక్కుంది.

"చేయవు. ఈ స్టేట్‌లో అడగకుండా రికార్డ్ చేస్తే నీ లైసెన్స్ పోతుంది. ఫొటో నా ఫోన్‌లో ఉంది, ఇంకో నిమిషంలో ఉండదు. ఇక మిగిలింది ఈ మహానుభావుడి నోటిమాట. ఆ నోరు పోలీసుల ముందు తెరిస్తే ఈయన జైలుకి, పెళ్ళాం పిల్లలు విమానం మెట్ల మీదకి. తెరుస్తాడా? పాతికేళ్ళు మనుషుల్ని చూసిన అనుభవంతో చెప్తున్నా, తెరవడు."

"డబ్బా నా దగ్గరుంది."

"డబ్బా మీద నమ్రత పేరుంది. నా పేరు లేదు."

గుమ్మం దాకా వెళ్ళి, బూట్లు తొడుక్కుంటూ వంగినవాడు వంగినట్టే వంటింటి వైపు చూసి మాట్లాడాడు.

"శాంతమ్మా, మూడింటికి కదా పాప స్కూల్ బస్సు? ఇవాళ అందులోంచి దిగదు. ఇక్కడికి వచ్చేముందే చైల్డ్ సర్వీసెస్‌కి, పిల్లల సంక్షేమం చూసే సర్కారు ఆఫీస్‌కి, ఫోన్ చేశాను. సంతకం పెట్టి ఉంటే, పొరపాటు సమాచారం అని నేనే చెప్పి ఆపేవాణ్ణి. పెద్దవాడి మాట వినకపోతివి."

భవిత రెండంగల్లో గుమ్మం చేరింది. ఆయన కాలర్ పట్టుకునేదే. వెనకనుంచి శాంతి ఫోన్ మోగింది.

స్కూల్ నుంచి. ప్రిన్సిపాల్ గొంతు మర్యాదగా ఉంది. పాపని ఇద్దరు అధికారులు ఆఫీస్ గదిలో కూర్చోబెట్టారట. పాప క్షేమంగా ఉందట. తాత్కాలికంగా తమ ఆఫీస్‌కి తీసుకెళ్తున్నారట, తల్లి అక్కడికే రావచ్చట. వెనక ఎక్కడో తన్వి గొంతు వినిపించింది. "డస్ మై మామ్ నో?" అమ్మకి తెలుసా అని అడుగుతోంది ఎవర్నో.

శాంతి ఫోన్ దించేసరికి రాఘవులు కార్ వీధి చివర మలుపు తిరిగిపోయింది.

"పదండి," అంది భవిత. "నా కార్‌లో."

శాంతి చెప్పులు వేసుకుంటూ ఆగింది. తేజేశ్వర్ ఇంకా టేబుల్ దగ్గరే కూర్చుని ఉన్నాడు.

"నువ్వూ రా," అంది.

"శాంతీ, ఒక్క రోజు టైమివ్వమ్మా. నమ్రతతో మాట్లాడి, లాయర్‌ని..."

"ఆయనకిచ్చావా ఒక్క రోజు? వచ్చి ఇందాక చెప్పిందే అక్కడ చెప్పు. నా టీ వల్ల కాదని చెప్పు. తర్వాత నువ్వేమైపోయినా నాకక్కర్లేదు."

ఆయన లేచాడు. ఎవరి మొహమూ చూడకుండా కార్ వెనక సీట్లో ఎక్కాడు. శాంతి ముందు కూర్చుంది. భవిత డబ్బా ఉన్న కవర్‌ని తన సీటు పక్కన, చేతికందేలా పెట్టుకుంది.

కార్ హైవే ఎక్కింది. తర్వాత వెనకనుంచి తేజేశ్వర్ అన్నాడు, తనలో తను అనుకుంటున్నట్టు. "చెప్తాను. అంతా చెప్తాను. ముందు నమ్రతకి నా నోటితో తెలియాలి. టీవీలో తెలియకూడదు."

"చేయండి," అంది భవిత అద్దంలో చూస్తూ. "స్పీకర్‌లో పెట్టండి."

రెండు రింగులకే నమ్రత ఎత్తింది. గొంతు ఉత్సాహంగా ఉంది. వెనక ఇంకా బడికి వెళ్ళని చిన్నపిల్లల అల్లరి, నవ్వులు.

"ఎక్కడున్నారండీ? మీకోసమే చూస్తున్నాం. రాఘవులు గారు ఇప్పుడే వచ్చారు. పిల్లలకి చాక్లెట్లు కూడా తెచ్చారు. కాఫీ పెడుతున్నా, మీక్కూడా కలపనా?"

తేజేశ్వర్ ఫోన్ మీదికి వంగాడు. "నమ్రతా... ఆ చాక్లెట్లు..."

అటునుంచి ఫోన్ చేతులు మారిన చప్పుడైంది.

"తేజేశ్వర్, నేను," అంది రాఘవులు గొంతు, చాలా ఆప్యాయంగా. "పిల్లలు భలే చురుకైనవాళ్ళయ్యా. నీకు ఒంట్లో బాగాలేదని ఆ అమ్మాయిలకి చెప్పి, టాక్సీ పట్టుకుని ఇంటికొచ్చెయ్ బాబూ. నువ్వొచ్చేదాకా నేనిక్కడే ఉంటాలే."

లైన్ కట్టయింది.

"కార్ ఆపండి," అన్నాడు తేజేశ్వర్. "మేడం, ఆపండి. నా పిల్లలు..."

భవిత చెయ్యి ఫోన్ మీదికి వెళ్ళింది. తేజేశ్వర్ ఇంటికి పోలీసుల్ని పంపమని చెప్పాలి. పంపితే వాళ్ళు వెళ్ళేసరికి అక్కడ కాఫీ తాగుతున్న ఒక పెద్దమనిషి, నవ్వుతున్న ఇల్లాలు కనిపిస్తారు. పంపకపోతే ఏం కనిపిస్తుందో చెప్పలేం. నంబర్ నొక్కింది. ముందు ట్రాఫిక్ నెమ్మదించి, ఎగ్జిట్ దగ్గర కార్ దాదాపు ఆగింది. వెనక సీట్లో తలుపు పిడి లాగిన చప్పుడు.

శాంతి చెయ్యి చాపి, అన్ని తలుపులకూ లాక్ నొక్కింది.

"కార్ పోనివ్వండి," అంది భవితతో, వెనక్కి తిరిగి చూడకుండానే.